స్కానర్ వైరుకాడ కుంకుమ బొట్టు

సీనన్నా,

నీ స్కానర్ నన్ను పొద్దుగాల నుంచి పరేషాన్ చేస్తున్నది. వచ్చే వారం నీ సంవత్సరీకం. ఫ్లెక్సీకి నీ ఫొటో కావాలె. మంచిది ఒక్కటే ఉన్నది, దాన్ని సూర్యాపేట షాపుల ఇయ్యనని అమ్మ పట్టువట్టింది. ఇగ ఇంట్లనే స్కాన్ చేద్దామని కూసున్న.

వైరు పెడితే కంప్యూటర్ టంగుమని మోగి, ఇదేందో నాకు తెల్వదని ఇంగ్లిష్‌ల రాస్తది. డ్రైవర్ తీసేసి సీడీతోని మళ్ల ఎక్కించిన. ముందల ఉన్న యూఎస్‌బీ పోర్టులు రెండూ మార్చి సూసిన. కోదాడల నీ దోస్తుకు ఫోన్ చేస్తే, "డ్రైవర్ ఎక్కించాకే వైరు పెట్టాలి చెల్లెమ్మా" అన్నడు. గట్లనే చేసిన. మళ్ల అదే మాట! తప్పు డ్రైవర్‌దా, వైరుదా, నాదా?

కోపమొచ్చి సీపీయూ డబ్బా తిప్పిన. ఎనుక ఒక పోర్టు పక్కన, నువ్వు ఉన్నప్పటి దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఉన్నది. "అందరు ముందల పెడ్తరు, నువ్వేంది ఎనుక పెడ్తున్నవ్?" అని అప్పుడు నవ్విన. నువ్వు డబ్బాను మళ్ల గోడకు జరిపినవ్.

గాడ వైరు పెట్టిన. స్కానర్ లైటు వెలిగింది.

గుర్తుకు పెట్టినవా అన్నా, పూజకే పెట్టినవా? ఎంత ఆలోచించినా సమజైతలేదు.

ఫొటో మంచిగ వచ్చింది. అమ్మ కుంకుమ భరిణె తెచ్చి, ఫొటోకు బొట్టు పెట్టుమన్నది. నాకు చేతులు రాలే. ఎనుక నీ బొట్టు మాసిపోయింది గదా, దాని మీదనే మళ్ల పెట్టిన.

నీ చెల్లె