మంట తగలని అంచు

ప్రియమైన బావమరిదికి,

మీ అక్క పక్కన కూర్చుని రాయమంటే రాస్తున్నాను. నా అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి, నవ్వకుండా చదువు.

నీళ్ళతో ఇనుము కోసే మిషను పెట్టావట. ముఖం కడగడానికి నీళ్ళు, ఇనుము కోయడానికి మంట, నాకు తెలిసింది ఇంతే. అయినా ఈ ప్లేటు పంపుతున్నాను. రాళ్ళు పిండిచేసే క్రషర్ లోపల పరిచేది, బాగా గట్టి ఉక్కు. మా గ్యాసు మంట తగిలితే అంచు మెత్తబడి ఊరికే అరిగిపోతోంది. క్రషర్ యజమాని ఇప్పటికే ఒక ప్లేటు తిప్పి పంపాడు. ఈసారీ చెడితే పని వేరేచోటికి పోతుంది. దాని మీదే నా షెడ్డు నడుస్తోంది. కొలతలు సుద్దతో గీశాను. నీ కుళాయి ఏం చేస్తుందో చూస్తాను.

నీ మేలు కోరే, నీ మిషనును నమ్మని,
బావ

ప్రియమైన బావగారికి,

అక్కకు, మీకు నమస్కారాలు. ప్లేటు కోసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. మీరు కుళాయి అన్న దాని మూతి సూది బెజ్జమంత. అందులోంచి విపరీతమైన ఒత్తిడితో నీళ్ళు తోస్తే, దారిలో ఎర్రటి ఇసుక కలుస్తుంది. కోసేది ఇసుక, దాన్ని పరిగెత్తించేది నీళ్ళు. అంచుకు వేడి తగలదు. కాకపోతే నత్తనడక. మీ మంట పని ముగించి చెయ్యి కడుక్కునేసరికి ఇది సగం దారిలో ఉంటుంది. అందుకే మందపాటి మామూలు ఇనుము వస్తే ఇప్పటికీ గ్యాసు షెడ్లకే పంపుతాను. అంచు తయారుగా ఉంది, బిగించెయ్యండి.

మీ తిట్లకు అలవాటుపడ్డ,
బావమరిది

బావమరిదికి,

ఈసారి ప్రియమైన అని రాయడం లేదు. యజమాని వచ్చి నా పనివాళ్ళ ముందే అంచు మీద ఆకురాయి పెట్టి గీశాడు. ఉక్కు గట్టిదైతే ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ పట్టింది, పొడి రాలింది. "పెద్దాయనా, ఇదేనా నీ కొత్త కోత?" అన్నాడు. ఈ వయసులో అంత మాట పడ్డాను. ఇంకొక్క ప్లేటు ఇస్తాడట, అదే ఆఖరు. మీ అక్క నిన్నే వెనకేసుకొస్తోంది. ఆమెతోనూ మాటల్లేవు.

ఇట్లు,
బావ

ప్రియమైన బావగారికి,

మీ ప్లేటులో మిగిలిన ముక్క నా దగ్గరే ఉంది. దాని మీద ఆకురాయి జారిపోతోంది. ఒకటి అడుగుతాను, తిట్టకండి. బిగించే ముందు అంచు నునుపు చేద్దామని గ్రైండర్ పెట్టారా? పెడితే ఆ వేడికీ అంచు మెత్తబడుతుంది, నీలం రంగు తేలి ఉంటుంది, చూడండి. రెండో ప్లేటు మీరే తీసుకురండి, యజమానినీ వెంటబెట్టుకు రండి. ఆయన కళ్ళముందే కోద్దాం.

మీ,
బావమరిది

ప్రియమైన బావమరిదికి,

ఇల్లు చేరాను. నీ ఎదుట చెప్పలేనిది రాస్తున్నాను.

గ్రైండర్ నేనే పెట్టాను. గ్యాసుతో కోసిన ప్రతి అంచునూ రుద్దడం నా చేతికి అలవాటు. నీ అంచు నున్నగా ఉన్నా చెయ్యి ఆగలేదు. నా పనితనం కూడా కాస్త కనబడాలనుకున్నాను. రవ్వలు లేచాయి, నీలం తేలింది, చూసి ముచ్చటపడ్డాను కూడా. నీ దగ్గరికి వస్తూ దారిలోనే యజమానికి ఇదంతా చెప్పేశాను. నీ గొప్పే నీ కొంప ముంచిందన్నాడు. నిజమే.

నీ మిషను ముందు నిలబడి ఆకలి మర్చిపోయాను. వెంట్రుకంత ధార, దానికి గాజూ లొంగింది, రబ్బరూ లొంగింది, రాయీ లొంగింది. నా మంట మాట ఇనుము తప్ప ఎవరూ వినరు. మన ప్లేటును ధార కోస్తుంటే చప్పుడు తప్ప పొగ లేదు, రవ్వ లేదు. యజమాని ఆకురాయి జారగానే గట్టి ప్లేట్లన్నీ నీకు, వాటి కింద మామూలు ఇనుప ఫ్రేములన్నీ నాకు అన్నాడు. షెడ్డు నిలబడింది. మీ అక్క మళ్ళీ మాట్లాడుతోంది, అదే ఎక్కువైంది.

మీరిద్దరూ పని పంచుకుంటుంటే నేను ఆ ప్లేటు దగ్గరే నిలబడిపోయాను, నువ్వు చూశావు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఇనుము కోస్తున్నాను. కోసిన మరుక్షణం అంచును ఒట్టి చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. చల్లగా ఉంది. వదలబుద్ధి కాలేదు.

నీ శిష్యుణ్ణని మాత్రం ఎవరితోనూ అనకు,
బావ