కాకా రాయని ళ

జూన్ 3
దౌలత్ కాకా ఒప్పుకున్నారు. భావ్‌నగర్ దుకాణాలకు నలభై ఏళ్లు బోర్డులు రాసిన చెయ్యి. ఇప్పుడన్నీ ఫ్లెక్సీలే. ఆయన గుజరాతీ అక్షరాలను నేను ఫాంట్ చేస్తాను. ఆయన చెయ్యి అప్పుడే వణుకుతోంది, అదే నా భయం. శనగపిండి గాఠియా ప్లేటు ముందుకు తోసి, నీ కంప్యూటర్‌కి నా కుంచె ఎంగిలి కావాల్సొచ్చిందా అని నవ్వారు.

జూన్ 19
అన్నీ స్కాన్ చేశాను. ళ ఒక్కటే రాయలేదు. అడిగితే, దానితో ఏ మాటా మొదలవదు కదా బేటా, తొందరేముంది అన్నారు.

జూన్ 27
మళ్లీ అడిగాను. టీ సాసర్‌లో పోసుకుని మాట మార్చారు.

జూలై 8, మధ్యాహ్నం 3
ఇవాళ చెప్పారు. నాలుగేళ్ల కిందట భార్య పోతే, సంతాపానికి జనం కూర్చునే బేసణుం గురించి పేపర్లో ప్రకటన ఇచ్చారట. కమళా అనే పేరు కమలా అని పడిందట. అందరూ తెల్లబట్టల్లో వచ్చారు, నేను మాత్రం వేరెవరి భార్య బేసణుంలోనో కూర్చున్నట్టుంది అన్నారు. ఊరందరి పేర్లూ రాశా, ఇంటి మనిషి పేరు కాపాడుకోలేకపోయా అన్నారు. ఆ రోజు నుంచి ళ రాయలేదట.

నేను తల ఎత్తలేదు. అప్పట్లో ఆ పేపర్లో ప్రకటనలు చూసింది నేనే. పాత ఫాంట్‌లో వచ్చిన మ్యాటర్ యూనికోడ్‌లోకి మారిస్తే ళ కాస్తా ల అయ్యేది. ఒక్కొక్కటీ చేత్తో దిద్దేదాన్ని. ఆ ఒక్కటీ నా కన్నుగప్పింది. నాకు సిగ్గుగా ఉంది. చెబితే కాకా నా ముఖం చూడరు. చెప్పకుండా ఆ అక్షరం ఏ ముఖంతో అడగను?

జూలై 9
చెప్పలేదు.

జూలై 22
కాకా ఇప్పుడు గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నారు. చెప్పేశాను.

వెళ్లిపొమ్మంటారనుకున్నాను. కాకా కుంచె అందుకుని, కాగితం జారుతోంది, గట్టిగా పట్టుకో అన్నారు. ళ రాశారు. వంపు రెండుచోట్ల వణికింది. దీన్ని తీసుకెళ్లి ఇస్త్రీ చెయ్యకు, తప్పు నీది, వణుకు నాది, రెండూ ఉండనీ అన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆగస్టు 30
నిన్న కాకా పోయారు. బేసణుం ప్రకటన ఆయన ఫాంట్‌లోనే చేసి పంపాను. ఆరుసార్లు చదివాను. పేరు కింద, స్వర్గీయ కమళాబేన్ భర్త.

పేపర్ నుంచి ఫోన్. ఒక అక్షరం వంకరగా ఉంది, సరిచేయమంటారా అని.

ముట్టుకోవద్దన్నాను.