కొట్టివేతలు లేని పేజీ

పద్నాలుగో తారీఖు

అమ్మకు,

నీ చిన్నది నమస్కారం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నెలాఖరున లాండ్రీ పని మానేస్తానని, సూపర్‌వైజరుకి కాగితం ఇవ్వబోతున్నానని పోయిన ఉత్తరంలో రాశావు. ఆ కాగితం ఇచ్చేలోపు ఇది నీ చేతికి అందాలి. అందుకే మిగతా పనులన్నీ పక్కనపెట్టి కూర్చున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పేసరికే 'సరేలే, జాగ్రత్త' అని వదిన చేతికి ఇచ్చేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు. అక్షరాలు పెద్దగా, విడివిడిగా రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని అన్నయ్య చెప్పాడు. కానీ ఇల్లు కూలినా అన్నయ్య బాగున్నామనే చెబుతాడు కాబట్టి, నువ్వు రాస్తేనే నమ్ముతాను.

నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు పూర్తిగా తగ్గింది. భోజనం వేళకే చేస్తున్నాను. వీధి చివర హోటలావిడ నా పళ్ళెం పక్కన కంప్యూటర్ కనపడితే చాలు, 'అది తింటావా, ఇది తింటావా' అని అడుగుతుంది. నువ్వే ఇక్కడికి ఒక మనిషిని పంపించావేమోనని అనుమానం. నాతో కలిసి కంపెనీ పెట్టిన పొడుగాయనకి పెళ్ళయిందా అని అడిగావు. ఎందుకడిగావో నాకు తెలుసు. అయింది, కవలలు కూడా. మా గది కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉంటుంది, గుమ్మం పొట్టిది. ఆయన రోజూ తల కొట్టుకుంటాడు, రోజూ గుమ్మాన్నే తిడతాడు.

పక్కింటి కుట్టుమిషను అత్తయ్య, 'మీ అమ్మాయి నోటుపుస్తకాలు అమ్ముతోందట, మా మనవడికి రెండు తెప్పించు' అందని రాశావు. అది చదివి వినిపిస్తే పొడుగాయన నవ్విన నవ్వుకి దుకాణం ఆయన పైకొచ్చి ఏమైందని అడిగాడు. అసలు నేనేం చేస్తున్నానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. తప్పు నాదే. ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతేగాని తర్వాతి సంగతి అర్థం కాదు.

మనం ఇల్లు మారినప్పుడు గుర్తుందా? మారదామని ముందు అన్నది నువ్వే. మారాక నీళ్ళు రాకపోతే, 'నేను మొదట్నుంచీ వద్దనే అన్నాను' అన్నదీ నువ్వే. అన్నయ్య పాత మాట గుర్తుచేస్తే గరిటె చూపించావు. అందరమూ అంతే అమ్మా. మనసు మారుతుంది, మారిన సంగతి మరిచిపోతాం. మేం చేసింది ఫోన్లోనూ కంప్యూటర్లోనూ రాసుకునే పుస్తకంలాంటిది. ఒక్కో ఆలోచనా ఒక్కో చీటీలా విడిగా రాసుకోవాలి. కొత్తగా ఏదైనా రాయగానే, దానితో తగువు పెట్టుకునే పాత చీటీని అది వెతికి తెచ్చి పక్కన పెడుతుంది. అప్పుడిలా అన్నావు, ఇప్పుడిలా అంటున్నావు, మధ్యలో ఏం జరిగింది అని అడుగుతుంది. గరిటె చూపించినా ఊరుకోదు. దానివల్ల మనిషి ఇంకొంచెం బాగా ఆలోచిస్తాడని మా నమ్మకం.

మా గదిలో ఒక అలవాటు ఉంది. పని మొదలుపెట్టేముందు ఇద్దరం తలా ఒక పాత చీటీ చదవాలి, ఇప్పుడు తప్పని తేలినది. ఏ రోజూ లోటుండేది కాదు. ఆయన తప్పులకి నేను, నా తప్పులకి ఆయన నవ్వుకుని పనిలో పడేవాళ్ళం.

వేసవిలో పెట్టుబడి పెడతానని ఒకావిడ వచ్చింది. నెమ్మదైన మనిషి. అంతా చూసి, ఆలోచన నచ్చిందిగానీ పేజీలు అటకలా ఉన్నాయని, ఒకే విషయం నాలుగుచోట్ల పడి ఉంటే ఎవరు కొంటారని అడిగింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. సర్దే పని నేను చేస్తానని నేనే ముందుకొచ్చాను. ఒకే విషయం మీద ఉన్న చీటీలను కలిపేసి, అన్నిటికన్నా కొత్తదాన్ని ఉంచి, మిగతావి తీసేసే ఏర్పాటు రాశాను. పేజీలు అద్దంలా తయారయ్యాయి. ఆవిడ చూసి సంతోషించింది. ఈ నెల ఇరవై ఎనిమిదిన సంతకాలు పెట్టుకుందామంది. ఆ వార్తే నీకు పోయిన నెల రాశాను. దాన్ని నమ్ముకునే నువ్వు పని మానేద్దామనుకున్నావు.

ఆ తర్వాత ఉదయాల్లో మాకు చదువుకోవడానికి తప్పులు దొరకడం మానేశాయి. 'మనం తెలివిమీరిపోయాం' అని పొడుగాయన మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. ఒకే విషయం గురించి మనిషి ముందొకలా, తర్వాత ఇంకోలా రాస్తే అవి రెండు ఆలోచనలని, రెండోది నిలబడేది మొదటిదాని మీదేనని మాకు తట్టలేదు. దానికోసమే కంపెనీ పెట్టిన మాకే తట్టలేదు.

బడిలో నా పుస్తకాలు గుర్తున్నాయా? ఒక్క కొట్టివేత ఉండేది కాదు. తప్పు రాస్తే కాగితం చిరిగేదాకా రుద్దేదాన్ని, మరీ చిరిగితే ఆ కాగితమే చింపి మళ్ళీ రాసేదాన్ని. నా పక్కన కూర్చుని నువ్వు అక్షరాలు నేర్చుకుంటూ, లాండ్రీలో అందరికీ 'మా పిల్ల పుస్తకం దుప్పటంత తెల్లగా ఉంటుంది' అని చెప్పుకునేదానివి. మన ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని కదా, ఒక్క తప్పు కనపడినా నన్ను వెనక్కి పంపించేస్తారని నా భయం. పెద్దయ్యాక ఆ రబ్బరే వేలమంది పుస్తకాల మీద పెట్టాను.

ముందుగా పట్టుకున్నది ఒక పెద్ద టీచరుగారు. బడి నడుపుతారు, మా పుస్తకం మొదట్లోనే తీసుకున్నవాళ్ళలో ఒకరు. ప్రతి పిల్లాడి గురించీ, పిల్ల గురించీ రాసుకుంటారు. ఒక పాప గురించి ముందు 'మొండిది, పిలిస్తే పలకదు' అని రాశారు. కొన్నాళ్ళకి, ఆ పాపకి ఒక చెవి వినపడదని కనిపెట్టి అదీ రాశారు. కొత్తగా చేరిన టీచర్లకి ఆ రెండూ పక్కపక్కన చూపించి, పిల్లల్ని చూసి తొందరపడొద్దని చెప్పడం ఆవిడ పద్ధతి. ఈసారి చూపించబోతే రెండోదే ఉంది. ఫోన్ చేసి, "అమ్మాయ్, నా తప్పు ఎక్కడికి పోయింది?" అని అడిగారు.

చూసి చెబుతానన్నాను. సాయంత్రానికల్లా తెలిసిపోయింది. నేను రాసిన సర్దుడు పాత చీటీలను తినేసింది. ఆవిడవే కాదు, అందరివీ. పాత నకళ్ళు మేం కొద్ది రోజులే దాచుతాం. అంతకుముందు పోయినవి ఇక రావు.

పొడుగాయనకి చెప్పాను. ఆ సర్దుడుని వెంటనే ఆపేశాం. కానీ వాడుకునేవాళ్ళకి ఎప్పుడు చెప్పాలన్న దగ్గర మాట కలవలేదు. "అబద్ధం చెప్పమనడం లేదు, సంతకాలయ్యేదాకా ఆగమంటున్నాను" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టకమ్మా. ఇద్దరు పిల్లల తండ్రి, మంచి ఉద్యోగం వదిలి నాతో వచ్చాడు. పైగా ఆయన ఆగమన్నప్పుడు నాలో ఏ మూలో హాయిగా కూడా అనిపించింది. నీ చేతులు తలుచుకున్నాను. ఆ ఆవిరిలో ఉబ్బిన వేళ్ళు, చలికాలంలో గుండీ పెట్టుకోవడానికి వదినని పిలవడం. ఇంకొన్ని రోజులు నోరు మూసుకుంటే నీకు విశ్రాంతి అనుకున్నాను.

ఇంతవరకూ రాసింది పొరపాటు గురించి. అసలు చెప్పలేక వెనక్కి నెడుతూ వచ్చింది ఇప్పుడు రాస్తున్నాను.

టీచరుగారు రెండోసారి ఫోన్ చేశారు. అప్పటికి నాకు అంతా తెలుసు. ఆవిడ గొంతు తగ్గిపోయి ఉంది. ఆ మాట తను అసలు రాయనేలేదేమో, ఊరికే రాశాననుకుంటున్నారేమో అన్నారు. ఆవిడ తల్లి ఆఖర్లో కన్నకూతురినే ఎవరమ్మా నువ్వని అడిగేదట, తనకీ అదే మొదలవుతోందేమో అన్నారు. నన్ను అడిగింది ఒక్కటే. "నేను రాయలేదంటావా?"

"అయ్యుండొచ్చండీ" అన్నాను.

ఒక్క మాటే అమ్మా. నా నోటితోనే అన్నాను. పొడుగాయన అనమనలేదు, ఆయన ఆ సమయంలో గదిలో కూడా లేడు.

తర్వాత తెలిసింది, ఆవిడ జ్ఞాపకశక్తి పరీక్షకి వెళ్ళారని. డాక్టరు ఏమీ లేదన్నా నమ్మకం కుదరలేదట. ఈ ఏడాదితో బడి బాధ్యత వదిలేస్తానని కమిటీకి చెప్పేశారట. ఈ సంగతి చెప్పింది ఆవిడ బడిలోనే పనిచేసే ఒక టీచరు, మా పుస్తకం వాడటం ఎలాగో అడగడానికి ఫోన్ చేసి, మాటల్లో చెప్పింది. ఫోన్ పెట్టేసి పొడుగాయన వంక చూశాను. సంచి తీసుకుని బయల్దేరాను.

బడి వదిలే వేళకి చేరాను. ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఎవరివో పరీక్ష కాగితాలు పేరుస్తున్నారు. కూర్చోమన్నారు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. చీటీ మీరు రాశారు, మా యంత్రం తీసేసింది, ఆ యంత్రాన్ని అలా తయారుచేసింది నేనే, మీరు అడిగినప్పుడు నాకు తెలుసు. అంతా విన్నారు. కాగితాలు అక్కడే వదిలేసి తనే కూర్చున్నారు.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట" అన్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు మొదటిసారి ఫోన్ చేసిన రోజు సాయంత్రమేనండీ."

"ఆ రోజే చెప్పుంటే మా అబ్బాయికి ఫోన్ చేసి ఏడ్చేదాన్ని కాదు. వాడు పని మానుకుని పరిగెత్తుకొచ్చేవాడూ కాదు."

తర్వాత ఆవిడే, ఇంకెంతమందివి పోయాయని అడిగారు. చాలామందివి అన్నాను. వాళ్ళకి చెప్పారా అన్నారు. లేదన్నాను.

"మరి ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావు? వెళ్ళు. నన్ను తర్వాత బతిమాలుదువుగానిలే."

తిరిగొచ్చేసరికి పొడుగాయన గదిలోనే ఉన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని, అందరికీ పంపాల్సిన ఉత్తరం రాయడం మొదలుపెడదామన్నాడు. నేను 'కొద్దిపాటి పొరపాటు వల్ల' అని రాస్తే, 'కొద్దిపాటి' కొట్టేసింది ఆయనే. అది పంపేముందు పెట్టుబడి పెట్టే ఆవిడకి ఫోన్లో మేమే చెప్పాం. ఆవిడ కోప్పడలేదు. ఇప్పుడు సంతకాలు వద్దని, ఒక ఏడాది నడిచి చూపించండని, అప్పటికీ జనం మీ దగ్గర ఉంటే మళ్ళీ మాట్లాడదామని అంది.

ఉత్తరం నిన్న అందరికీ వెళ్ళింది. ఈ పొద్దుటినుంచి జవాబులు వస్తున్నాయి. కొందరు మానేశారు. కొందరు తిట్టారు, తిట్టాల్సిందే. ఒకాయన తన పెళ్ళికి ముందు తన భార్య గురించి రాసుకున్నవి పోవడమే మంచిదయిందని రాశాడు. టీచరుగారు మా పుస్తకం వాడటం ఇంకా మానేయలేదు, నాతో మాట్లాడనూ లేదు. కమిటీతో చెప్పిన మాట వెనక్కి తీసుకున్నారని మాత్రం విన్నాను.

ఇప్పుడు నీకు సంబంధించిన సంగతి. నువ్వు ఎదురుచూస్తున్నది ఈ నెలలో రావడం లేదు. నా పాత ఆఫీసువాళ్ళు మళ్ళీ చేరతావా అని అడుగుతున్నారు, ఇరవై ఆరో తారీఖుకల్లా చెప్పమన్నారు. చేరితే నువ్వు ఈ నెలతోనే పని మానేయొచ్చు. కానీ పొడుగాయన ఒక్కడూ దీన్ని లాగలేడు, మూసేస్తాడు. చేరకపోతే, ఇంకో ఏడాది ఆ పుస్తకాన్ని బాగుచేస్తాను. అప్పుడు ఆ ఏడాది నువ్వు లాండ్రీలో ఉండాలి. నిజం చెప్పేసి నేను తేలికపడ్డాను, దాని బరువు నీ చేతుల మీద పడింది. ఇది నీకు తెలియకుండా నేను ఒక్కదాన్నే తేల్చుకోకూడదు.

నాకేం కావాలో దాచను. ఉండి బాగుచేయాలని ఉంది. ఇంతకుముందు నచ్చిన పని కాబట్టి చేశాను, ఇప్పుడు చెడగొట్టినదాన్ని వదిలి వెళ్ళబుద్ధి కావడం లేదు. కానీ నీ వేళ్ళు ఇంకో చలికాలం ఓర్చుకోలేకపోతే ఆ కోరిక నాకు వద్దు. పాత ఆఫీసులో చేరినందుకు నేనేమీ కుమిలిపోను. బల్ల ఉంటుంది, పని ఉంటుంది, నువ్వు ఇంట్లో ఉంటావు. అదీ నాకిష్టమే.

నువ్వు త్యాగం చేయాలని అడగడం లేదు, ఆశీర్వదించమనీ అడగడం లేదు. చేతుల సంగతి అడుగుతున్నాను. పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకుంటోందా? తడి దుప్పటి పిండేటప్పుడు నొప్పి మోచేతిదాకా వస్తోందా? మడత పెట్టే విభాగానికి మారుస్తారేమో సూపర్‌వైజరుని అడిగావా? అడగలేదని నాకు తెలుసు. అడుగు.

నామీద కోపం వస్తే కోపంగానే రాయి. నాకోసం వదినతో మంచి మాటలు రాయించకు, నీ చేత్తోనే రాయి. ఇరవై నాలుగో తారీఖులోపు నాకు అందేలా పోస్టులో వెయ్యి. అందులో 'నాకేం, నేను బాగానే ఉన్నాను' అని ఉంటే మాత్రం, జవాబు రాలేదనుకుని ఇరవై ఐదో తారీఖు బస్సెక్కి నీ చేతులు నేనే వచ్చి చూస్తాను.

ఇట్లు,
నీ మాటకోసం చూస్తున్న
నీ చిన్న కూతురు