కారు ప్రార్థనకు అయ్యగారిని రావద్దని చెప్పు

విజయవాడ, మంగళవారం

అమ్మకు బెన్నీ వందనాలు. శాలిని, పాప, నేను బాగానే ఉన్నాం. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పలేను. అందుకే ఈ కార్డు రాస్తున్నాను.

కారు లోను రాలేదమ్మా. ఇది నాలుగో ఫైనాన్సు ఆఫీసు. పాత కారైనా సరే, సొంతంగా టాక్సీ తిప్పుకుంటానని బతిమాలాను. అక్కడి మేడమ్ కంప్యూటర్ నావైపు తిప్పింది. "మీ క్రెడిట్ స్కోరు బాగా తక్కువండీ. బైకు లోను సెటిల్‌మెంట్ చేసుకున్నారు కదా, అదండీ కారణం" అంది. సగం కట్టించుకుని వాళ్లే వదిలేశారు కదండీ అన్నాను. "వాళ్లు వదిలేసిన సగం మీరు ఎగ్గొట్టినట్టే లెక్కండీ. ఇంకా కొన్నేళ్లు ఇలాగే కనబడుతుంది" అంది.

దేవుడు మావాడి అప్పు సగం కొట్టేశాడని నువ్వు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పావు, కానుక కూడా వేశావు. ఆ సగమే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

ఆదివారం కారు ప్రార్థనకు పాస్టరు అయ్యగారిని బయలుదేరవద్దని చెప్పు. హనుమాన్ జంక్షన్‌లో నువ్వు రాయించిన బైబిల్ వాక్యం స్టిక్కర్ పంపకు. నేను తోలేది ఓనరు కారు, అద్దం మీద ఏమీ అంటించనివ్వడు. బీపీ బిళ్లలు ఉన్నాయా? వంటింటి రేకు మార్పించావా?

కారు ఏదని ఎవరైనా అడిగితే, నేనే వద్దనుకున్నానని చెప్పు. సెటిల్‌మెంట్ సంగతి మాత్రం ఎత్తకు. నీ సాక్ష్యం అలాగే ఉండనీ.

పాప రోజూ నీకోసం ప్రార్థన చేస్తుంది. నాకోసం నువ్వే చెయ్యమ్మా. దేవుణ్ణి ఏమని అడగాలో నాకిక తెలియడం లేదు.

నీ కొడుకు
బెన్నీ