చెయ్యి పెట్టని పాఠం

ఫిబ్రవరి 9

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టు ఉంది. ఉండనీ, చదివేదెవరు.

కుడి మణికట్టు మూడు ముక్కలు. రెండు ప్లేట్లు, తొమ్మిది స్క్రూలు. ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరుకి నేనే మార్కులు వేశాను, పదికి ఏడు. అతను నవ్వలేదు. ఇక ఆపరేషన్లు చెయ్యడం కుదరదండీ అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఇలాంటి కబుర్లు ముప్పై నాలుగేళ్ళు నేనూ చెప్పాను. ఎదుటివాళ్ళ మొహం చూసే చెప్పాను.

యాభై తొమ్మిదో ఏట తాడు కట్టుకుని కొండరాళ్ళు ఎక్కడం మొదలుపెట్టాను. అరవై ఒకటికి పడ్డాను. రెండేళ్ళు ఎక్కాను, ఒక్కసారి పడ్డాను. అందరూ ఆ ఒక్కసారి గురించే మాట్లాడుతున్నారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంది అక్క. ఇంట్లో మేమిద్దరమే. కోర్టులో టైపిస్టుగా రిటైరైంది కాబట్టి ఎవరు ఎప్పుడేమన్నారో ఒక్క ముక్క మర్చిపోదు. ఎక్కొద్దని తను చెప్పిన తారీఖులు వరసగా వినిపించింది. నాకు మళ్ళీ ఎక్కాలనుందని చెప్పాను. ఆ తారీఖు కూడా గుర్తుపెట్టుకోమన్నాను.

ఫిబ్రవరి 27

డిపార్ట్‌మెంట్ హెడ్ చూడటానికి వచ్చాడు. ఒకప్పుడు నా జూనియర్. మేడమ్, విశ్రాంతి తీసుకోండి అన్నాడు. విశ్రాంతి అనే మాట నాలుగుసార్లు. స్కిల్స్ ల్యాబ్‌లో జూనియర్లకి కుట్లు వెయ్యడం నేర్పుతాను అన్నాను.

మొహం చిన్నబుచ్చుకున్నాడు. కాస్సేపు కాఫీ కప్పు తిప్పాడు. తర్వాత చెప్పేశాడు. మీరు మాకేం నేర్పలేదు మేడమ్, మిమ్మల్ని చూసి మేమే దొంగిలించుకున్నాం అన్నాడు. ఎవరి చేతిలో ఏ పరికరం పెట్టినా రెండు నిమిషాలు తిరక్కుండా ‘ఇలా ఇవ్వు’ అని లాక్కునేదాన్నట. వాళ్ళ బ్యాచ్‌లో నా పేరే ‘ఇలా ఇవ్వు మేడమ్’ అట.

నాకు తెలీదు. ముప్పై నాలుగేళ్ళు ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్‌లో నేర్పాలంటే ఇప్పుడు టీచింగ్ డిప్లొమా ఉండాలట. ప్రాక్టికల్ పరీక్ష ఉంటుందట. అందులో టీచరు స్టూడెంట్ చేతిలోని పరికరం ముట్టుకుంటే అక్కడికక్కడే ఫెయిలట. నన్ను ఆపడానికే చెప్పాడని తెలుస్తూనే ఉంది. ఫారం పంపమన్నాను.

మార్చి 18

డిప్లొమా క్లాసులో నా వయసు అరవై ఒకటి, మా టీచరుది ఇరవై తొమ్మిది. బూట్ల లేసు కట్టడం ఎలాగో బూట్లు ఎప్పుడూ చూడనివాళ్ళకి అర్థమయ్యేలా రాయమంది. పక్కనున్న నర్సు పన్నెండు వాక్యాలు రాసింది. నేను మూడు రాసి ఆగిపోయాను.

తర్వాత, సర్జన్లు వేసే ముడి గురించి చెప్పమంది. ముందు ఏ వేలు కదులుతుంది అని అడిగింది. నేను వేసిన ముళ్ళు లక్షల్లో ఉంటాయి. చేతికి తెలుసు, నాకు తెలీదు.

మార్చి 19, ఉదయం 5:20

మధ్యవేలు. వంటింట్లో, దారపు రీలు పట్టుకుని కూర్చుంటే తేలింది.

మే 6

ప్లాస్టర్ తీసి చాలా రోజులైంది. కుడి చెయ్యి స్పూను పట్టుకుంటుంది, అంతే. ఇవాళ కుట్టుసూదిని పట్టే నీడిల్ హోల్డర్ ఎడమ చేతిలోకి తీసుకున్నాను. దాని లాక్ ఊడదే. కుడి చేతికైతే బొటనవేలితో అలా నెడితే ఊడుతుంది. ఎడమ చేతికి తిరగేసి లాగాలి, సూది జారిపోతుంది. ఆ వస్తువే కుడిచేతివాళ్ళ కోసం చేశారు. ఇన్నేళ్ళూ నాకు ఆ సంగతే తట్టలేదు.

ఎడమచేతి వాటం ఉన్న జూనియర్లు నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ ఒకటే చెప్పాను, చెయ్యి మార్చు అని. ఒకమ్మాయి సర్జరీయే మానేసి వేరే బ్రాంచికి వెళ్ళిపోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను. ఇవాళ సిగ్గేసింది.

జూలై 22

ఫెయిల్.

జూలై 23

రాయాలి. రాయకపోతే వేరేగా గుర్తుపెట్టుకుంటాను.

పరీక్షకి స్టూడెంట్‌గా ఒక ఫస్టియర్ జూనియర్‌ని ఇచ్చారు. సన్నగా, బెదురుగా ఉంది. ఎడమచేతి వాటం. స్పాంజి మీద కుట్టు వెయ్యడం నేర్పాలి. లాక్ ఎలా లాగాలో చెప్పాను. లాక్ ఊడగానే ఆ పిల్ల మొహం విచ్చుకుంది. ఇక ఎదురు లేదనుకున్నాను. ఇంతలో సూది ఏటవాలుగా దిగబోయింది.

ఇలా ఇవ్వు, అన్నాను.

అన్నానని నాకే తెలియలేదు. పరికరం అప్పటికే నా చేతిలో ఉంది. ఎగ్జామినర్ పెన్ను మూత పెట్టేసింది. నేను ఆవిణ్ణి చూడలేదు, ఆ పిల్ల చెయ్యి చూశాను. పట్టుకోవడానికి ఏమీ లేక వేళ్ళు అలాగే గాల్లో ఉండిపోయాయి. ఎన్ని వందల చేతుల్ని అలా వదిలేశానో.

అక్టోబరులో ఇంకొక్క ఛాన్స్. అదీ పోతే ల్యాబ్ మాట మర్చిపోవాలి. హెడ్ ఫోన్ చేసి మళ్ళీ విశ్రాంతి అన్నాడు. తెగేదాకా లాగకే అంది అక్క. తాళ్ళ గురించి నాకు చెప్పకు అన్నాను. ఇద్దరం నవ్వాం, తర్వాత నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆగస్టు 14

అక్కకి పంటి డాక్టరు దగ్గరికని చెప్పి కొండరాయి దగ్గరికి వెళ్ళాను. పిల్లలు ఎక్కే రాయి. సిగ్గుపడలేదు.

నాకు ఎక్కడం నేర్పిన తాడు మాస్టారు ఎప్పట్లాగే కింద నిలబడ్డాడు. తాడు ఒక కొస నా నడుముకి, ఇంకో కొస అతని చేతుల్లో. సగంలో ఇరుక్కుపోయాను. ఎడమ కాలు, మోకాలంత ఎత్తు, అంగుళం బయటికి అన్నాడు కింద నుంచి. అని ఊరుకున్నాడు. మనసులో అతన్ని తిట్టని తిట్టు లేదు. వెతికాను. దొరికింది. పైకి చేరాను.

దిగాక అడిగాను, ఎదుటివాళ్ళు ఇరుక్కుంటే మీకు చేతులు దురద పెట్టవా అని. నా రెండు చేతులూ తాడు మీద ఉంటాయి మేడమ్, వాటి పని వాటికుంది అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అక్క గీరుకుపోయిన నా మోచెయ్యి చూసింది. పంటి డాక్టరు గోడలెక్కించాడా అని అడిగింది.

సెప్టెంబరు 30

ఎడమచేతి పిల్ల రోజూ సాయంత్రం డ్యూటీ అవగానే వస్తోంది. నేనే వెళ్ళి క్షమించమని అడిగి, మళ్ళీ కూర్చుంటావా అన్నాను. మీరు లాక్ గురించి చెప్పారు కదా మేడమ్, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు అంది. నేను ఆ పిల్ల వెనక నిలబడి కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుంటాను. కుర్చీ కిర్రుమంటే నేను ఓర్చుకుంటున్నానని ఆ పిల్లకి తెలిసిపోతుంది. ఒక్కోసారి నవ్వేస్తుంది.

ఇవాళ పదకొండు కుట్లు, పదకొండూ సరిగ్గా. సర్జరీ మానేద్దామని లెటర్ కూడా రాసి పెట్టుకుందట. చెయ్యి మార్చుకోకపోతే ఆపరేషన్ థియేటర్లోకి రావద్దు అన్నారట. ఎవరన్నారు అని అడిగాను. హెడ్ సారే అంది.

నా దగ్గర దొంగిలించుకున్న వాటిలో ఇదీ ఒకటి.

అక్టోబరు 21

పాస్.

ఈసారీ స్టూడెంట్‌గా ఎడమచేతి పిల్లే. సూది ఒకసారి పక్కకి తిరిగింది. ఆగు, సూది ఎటు చూస్తోందో చెప్పు అన్నాను. తర్వాత నోరు కట్టేసుకున్నాను. నలభై సెకన్లు ఆగానట, మా టీచరు చెప్పింది. నాకు మాత్రం ఎంఎస్ మూడేళ్ళూ ఇంకోసారి చదివినంత సేపు అనిపించింది. ఆ పిల్ల తనే సూది తిప్పుకుంది.

అటునుంచి అటే హెడ్ గదికి వెళ్ళాను. సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, ఎడమచేతివాళ్ళ పరికరాల సెట్టు ఒకటి ల్యాబ్‌కి, ఒకటి థియేటర్‌కి కావాలన్నాను. ఆ పిల్లని థియేటర్లోకి రానివ్వాలన్నాను. మన దగ్గర అలా అలవాటు లేదు మేడమ్ అన్నాడు. ఆ అలవాటు చేసింది నేనే, తప్పు చేశాను, మాన్పించేదీ నేనే అన్నాను. సంతకం పెట్టేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఇరవై నిమిషాలు పట్టింది.

డిసెంబరు 3, ఉదయం 7:10

ఈవేళ ఆ పిల్ల మొదటి అపెండిక్స్ ఆపరేషన్. బోర్డు మీద తన పేరు చూసుకుని రెండుసార్లు నీళ్ళు తాగింది. అసిస్టెంట్‌గా హెడ్ ఎదురుగా నిలబడతాడు. మీరు కూడా చేతులు కడుక్కుని రండి మేడమ్ అన్నాడు, ఎందుకైనా మంచిదట. నా మణికట్టు ఆ మాత్రం పనికి పనికొస్తుంది. కుళాయి ముందు నిలబడి ఉన్నాను. కడుక్కుంటే ఏం చేస్తానో నాకు తెలుసు.

డిసెంబరు 3, ఉదయం 10:45

కడుక్కోలేదు. కడగని చెయ్యి ఆపరేషన్ బల్ల దగ్గరికి పోకూడదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను.

నాలుగుసార్లు మాట్లాడాను. మూడు మాటలు ఆ పిల్లతో. నాలుగోది హెడ్‌తో, అతని చెయ్యి ఆమె ఎడమ చేతి మీదికి వెళ్తుంటే.

వెనక్కి తీసుకో, అన్నాను.

తీసుకున్నాడు.