స్థాపకుడి గడ్డం

బాబాయికి నమస్కారాలు.

మన లూథరన్ సంఘం వందేళ్ల పండుగకి చిత్రకారుడు స్థాపకుడి పటం వేసి తెచ్చాడు. చూస్తే అచ్చం మీరే. ఆయన ఫొటో ఏదీ దొరకక, ఏటా వార్షికోత్సవ నాటకంలో సొంత గడ్డంతో ఆయన వేషం కట్టే మీ ఫొటో ఇచ్చాం, అంగీ ఎలా ఉండాలో చూసుకుంటాడని. అతను ముఖం కూడా దించేశాడు.

"బాగానే కుదిరిందమ్మా, ఇంక మార్చే టైము లేదు" అన్నారు పాస్టరుగారు. నాయనమ్మ మాత్రం, "నిక్షేపంలా ఉన్న నా కొడుకు పటం ముందు కొవ్వొత్తులు వెలిగిస్తారా?" అని నన్ను దులిపేసింది. ఇది గౌరవమో అపచారమో నాకూ తేలడం లేదు. కానీ స్థాపకుడి మాటలు మేమంతా విన్నది మీ గొంతులోనే కదా.

మీరు కాదంటే పటం గోడకెక్కదు. సరేనంటే, ఆదివారం పండుగకి దయచేసి గడ్డం గీయించుకుని రండి.

మీ అన్న కూతురు