గోడలో మిగిలిపోయిన మనిషి

మ్యూజియంలో ఎముకల గదిలో పనిచేసి రిటైరైన నేను, వీధిలో అందరూ చేపముళ్లావిడ అని పిలిచే నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. కాళ్లు నా మాట వినడం మానేసి చాలాకాలమైంది. మతి ఇంకా వింటోంది. అనుమానమున్నవాళ్లు మా కోడలిని అడగవచ్చు.

దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురిది.

1. ఈ ఫ్లాటు, నా పేరున ఉన్న తక్కినదంతా కొడుకుకూ కూతురికీ చెరి సగం. పెద్ద గోద్రెజ్ బీరువా కోసం మాత్రం కొట్టుకోవద్దు. దాని తాళం పనిచేయదు.

2. వంటింటి అలమరలో సీసాల్లో ఉన్న చేపల అస్థిపంజరాలు. ఇవన్నీ మనం తిన్నవే. మా మ్యూజియంవాళ్లం తవ్విన దీవి గుహలో దొరికిన ఎముక ముక్క ఏ చేపదో పోల్చి చూడటానికి దాచాను. ముల్లు విరగకుండా తినండర్రా అంటూ కంచాల దగ్గర కాపలా కాశాను. పిల్లలు ఒక్కనాడూ తృప్తిగా తినలేదు. కాలేజీవాళ్లను తీసుకోమన్నాను, చోటు లేదన్నారు. కాబట్టి పారేయవచ్చు. నాకు అభ్యంతరం లేదు. ఉంది, కానీ ఏం చేయను?

3. మనవరాలికి నేను గుల్లను అరగదీసి చేసిన గాలం. గుహలో దొరికినదాన్ని చూసి చేశాను. దానికి ఒక్క చేపా పడలేదు. ఇనుము ముఖమైనా చూడని ఆ పాతకాలపువాళ్ల గాలాలకు మాత్రం లోతు సముద్రంలో తిరిగే పెద్ద చేపలు పడ్డాయి. ఆ ముళ్లు నేనే కడిగాను. పడవ వేసుకుని వెళ్లకపోతే అవి దొరకవు. అమ్మలూ, కొన గుచ్చుకుంటుంది, జాగ్రత్త.

4. ఇక నాది కానిది. గుహలో మూడో వంతు తవ్వకుండా వదిలేయాలన్నది మా పద్ధతి. రేపు మాకంటే మంచి పనిముట్లతో వచ్చేవాళ్ల కోసం. చివరి వారంలో సరిగ్గా ఆ హద్దు దగ్గర రెండు పాదాలు బయటపడ్డాయి. చీలమండల పక్కన రెండు గాలాలు. పూడ్చినవాళ్లు తోడుగా పెట్టి పంపారు. చీలమండల నుంచి పైకంతా మేము వదిలేసిన మట్టిగోడలో ఉంది.

పిల్లలు పార మావయ్య అని పిలిచే నా తోటి ఉద్యోగి, "తీస్తే మొత్తం తీద్దాం, లేదంటే పాదాల మీద కూడా మట్టి కప్పేద్దాం. మనిషిని సగం చేసి పోతామా?" అన్నాడు. రూలు రూలే అన్నాను. పాదాలు అట్టపెట్టెలో మ్యూజియంకు వచ్చాయి. అతను నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పటికీ నాదే ఒప్పంటాను. ఒప్పయి ఏం లాభం?

నిరుటి తుఫానుకు గుహలోకి నీళ్లొచ్చి గోడ సగం కూలిందని దీవి జాలరి ఫోన్ చేశాడు. మిగిలింది వచ్చే వానల దాకా ఆగదట. తవ్వడానికి అనుమతి అడిగితే ఫైలు నడుస్తోందన్నారు. పోనీ పాదాలనైనా అక్కడికి పంపండంటే, నంబరు వేసిన ప్రభుత్వ ఆస్తి అన్నారు. మీది కానిది మీరు రాయలేరమ్మా అని వకీలుగారన్నారు. నిజమే. అయినా రాయమన్నాను: ఆ మనిషిని ఎవరైనా ఒకచోట చేర్చండి. ఎవరు చేస్తారో నాకు తెలియదు.

5. పార మావయ్యకు నా తవ్వకాల తాపీ ఇద్దామనుకున్నాను. సాక్షికి ఆస్తి రాయకూడదట. తాపీ కావాలా, సంతకం పెడతావా అని కబురు పెడితే, "తాపీ నాకూ ఉంది" అని చేతికర్రతో మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. ఇద్దరం మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. గుహ మాట ఎవరమూ ఎత్తలేదు.

6. నా శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇస్తానని లోగడ రాసిచ్చిన కాగితం రద్దు చేస్తున్నాను. అది మంచిపనే, తెలుసు. మన్నించాలి. కాలుస్తారో పూడుస్తారో మీ ఇష్టం. పాదాలతో సహా, మొత్తం ఒకేచోట.

చదివించుకుని, సరేననుకుని చేసిన సంతకం.

తేదీ: ఫిబ్రవరి 11, మంగళవారం

(సంతకం) చేపముళ్లావిడ

సాక్షులు:
1. కింది వాటాలో కుట్టుమిషనావిడ
2. పార మావయ్య, ఆ పాదాల మీది మట్టి తుడిచినవాడు